దేవస్థానమును చిత్రించుట : సవర గోడబొమ్మ, పూరీ పటము, ఇత్సుకుషిమా మడత తెర

తూర్పుకనుమలలో దేవతకు నెలవు ఏర్పడు రీతులు పెక్కు గలవు. రంపచోడవరమునకు సమీపముననున్న రంప గ్రామమున రాతితో కట్టిన ప్రాచీన శివాలయ మొకటి కలదు. ఆ చుట్టుపట్లనే కొండరెడ్ల పల్లెలలో ముత్యాలమ్మ కొలువునకు చాలచోట్ల చెట్టునీడను నిలిపిన రాళ్లే చాలును. గోడ గాని శిఖరము గాని అక్కరలేదు. అచటినుండి ఈశాన్యముగా అరకులోయను దాటి సీతంపేట, పర్లాకిమిడి, గుణుపురము కొండలను చేరునప్పటికి మూడవ రీతి యొకటి కనబడును. ఆ కొండలలోని సవరలు ఇంటిలోపలి గోడమీద బొమ్మ వ్రాసి, అందు వసింపుమని దేవతను గాని గతించిన బంధువును గాని పిలుచుట పూర్వాచారము. రాతిగుడిని గూర్చి శాసనపరిశోధకులును, చెట్టుక్రింది దేవతను గూర్చి జానపదవిజ్ఞానులును చాల వ్రాసినారు. చిత్రమే దేవస్థానమగు ఈ మూడవ రీతికి మాత్రము మన వ్రాతలలో తగినంత స్థానము లభించినట్లు తోచదు. అది సాధారణముగా ‘గిరిజనుల గోడల అలంకారము’ అను శీర్షికక్రింద, ముగ్గులతోపాటు, ఒకటి రెండు వాక్యములతో ముగిసిపోవుచుండును.

ఆ శీర్షిక సరియైనది కాదని చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. దేవస్థానమును చిత్రించిన చిత్రము మూడు పనులలో ఏదో యొకటి చేయును. తానే దేవస్థానమగుట మొదటిది. దూరముననున్న దేవస్థానమునకు బదులుగా నిలుచుట రెండవది. ఆ దేవస్థానము ఎట్లుండునో చూపుట మూడవది. సవర గోడబొమ్మ మొదటి పనికిని, పూరీ జగన్నాథుని పటము రెండవ పనికిని, జపానులోని ఇత్సుకుషిమా దేవాలయమును చిత్రించిన మడత తెరలు మూడవ పనికిని మంచి ఉదాహరణములు. ఈ మూటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని సవర బొమ్మను మనమేమి యడుగవలెనో తెలియదు.

సవరల భాష ముండా కుటుంబమునకు చెందినది. ఆ భాషకు శాస్త్రీయమగు వ్యాకరణమును నిఘంటువులను సమకూర్చినవారు పర్లాకిమిడిలో అధ్యాపకత్వము నెరపిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940). వారి సవరభాషా వ్యాకరణము 1931లో వెలువడినది. వారి కుమారులు సీతాపతిగారు సవరలను, వారి దేశమును గూర్చి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో విపులమగు వ్యాసములు ప్రకటించినారు. గోడబొమ్మలను గూర్చి విస్తృతముగా వ్రాసినవాడు వెరియర్ ఎల్విన్. ఆయన 1951లో ప్రకటించిన మధ్యభారత గిరిజనకళాగ్రంథమునందును, 1955లో ప్రకటించిన సవర మతగ్రంథమునందును ఈ బొమ్మల వివరణము కలదు. ఆయన పరిశీలించిన గ్రామములు గంజాము, కోరాపుటు జిల్లాల కొండలలోనివి.

ఈ బొమ్మకు సవరభాషలో ఇడితాల్ అని పేరు. గోడమీది వ్రాత యని దాని యర్థము. వ్రాయుటకును బొమ్మ గీయుటకును ఆ భాషలో క్రియ యొక్కటియే యగుట గమనింపదగినది. ఇంటిలో నెవరికైన జబ్బు చేసినపుడు, పంట చెడినపుడు, లేక మృతునకు చేయవలసిన కర్మ మిగిలిపోయినపుడు, పూనకమున మృతులతో మాటాడు స్త్రీ గాని పురుషుడు గాని కారణము విచారింతురు. సోనుమ్ అని పిలువబడు ఆత్మ తనకు ఇల్లు కావలెనని కోరినచో బొమ్మ వ్రాయుట నిశ్చయమగును. గోడను ఎఱ్ఱమట్టితో అలికి, నానబెట్టి నూరిన బియ్యపుపిండిని నీట కలిపి, కొన నలుగగొట్టిన పుల్లతో గీతలు గీయుదురు. ముగిసిన పిమ్మట దానియెదుట నైవేద్యము పెట్టి ఆత్మను అందు ప్రవేశింపుమని వేడుదురు. ఆత్మకు తృప్తి కలుగలేదని పూనకమున తెలిసినచో బొమ్మకు మరికొన్ని రూపములు చేర్చుటయు కలదు.

బొమ్మయొక్క కూర్పును చూడుడు. సాధారణముగా వెలుపల నొక చతురస్రపు గీత యుండును. అది ఇల్లు. ఆ యింటిలో వరుసలుగా మనుష్యులు, గుఱ్ఱములు, ఏనుగులు, వాటినెక్కిన దేవతలు, సేవకులు, కావడి మోయువారు, కోతులు, బల్లులు, సూర్యచంద్రులు కనబడుదురు. ఎల్విన్ చూచిన కాలమునకే రైలుబండియు విమానమును ఆ వరుసలలో చేరినవి. ఘనుడగు అధికారి యెక్కు వాహనము దేవతకు మాత్రము తక్కువ కాకూడదు గదా యన్నదే దానిలోని భావము. ఇవి చూడవచ్చినవారి వినోదమునకు వ్రాసినవి కావు; ఆ యింట వసింపబోవు ఆత్మకు అమర్చిన సామగ్రి.

ఇది అలంకారము కాదనుటకు నాకు మూడు హేతువులు కనబడుచున్నవి. మొదటిది, బొమ్మ యుండు తావు. సవర యింటికి కిటికీ లుండవు. లోపల చీకటిగా నుండును. వాకిటనున్న వెలుగును విడిచి ఆ చీకటిగోడను ఎన్నుకొనుట కంటికింపు కొఱకు కాదు. రెండవది, వ్రాయు సమయము. అది పండుగ ముస్తాబులో భాగముగా మాత్రమే వచ్చునది కాదు, ఇంటికి వచ్చిన ఆపదతో ముడివడినది. మూడవది, దానియొక్క ఆయుర్దాయము. ప్రయోజనము తీరినపిమ్మట పొగకు నల్లబడి మాసిపోయినను చింతలేదు. మఱల అవసరమైనపుడు క్రొత్తగా వ్రాయుదురు. నిలుచుటకు వ్రాసినది కాదు కనుక పాతబొమ్మలు దొరకవు. కావున వాని చరిత్రను బొమ్మలనుబట్టి కాక ఆచారమును బట్టియే వ్రాయవలసియున్నది.

సవరలకును పూరీ క్షేత్రమునకును గల సంబంధము పురాణప్రసిద్ధము. స్కాందపురాణాంతర్గతమగు పురుషోత్తమ మాహాత్మ్యము ననుసరించి జగన్నాథుడు మొదట శబరుడైన విశ్వావసువుచే అడవిలో నీలమాధవుడుగా కొలువబడినవాడు. నేటికిని ఆలయమున దైతాపతులను సేవకులు తాము ఆ శబరవంశీయులమని చెప్పుకొందురు. ఇక చరిత్రప్రకారము చూచినచో, నేటి పూరీ మహాలయమును 12వ శతాబ్దిలో నిర్మింపబూనిన అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో సింహాసనమెక్కినపుడు గంగరాజుల రాజధాని కళింగనగరము. అది నేటి శ్రీకాకుళము జిల్లాలోని ముఖలింగమే యని నిర్ణయించినవారును గిడుగువారే. ముఖలింగ స్థలపురాణమునందును శబరుల ప్రసక్తి కలదు. అనగా సవరకొండల పాదమునుండియే పూరీ గుడిని కట్టిన వంశము బయలుదేరినది. అందుచే గోడబొమ్మనుండి పూరీ పటమునకు పోవుట దూరదేశమునకు పోవుట కాదు.

పూరీలో పటము దేవునికి బదులుగా నిలుచు సమయము సంవత్సరమున కొకసారి వచ్చును. జ్యేష్ఠపూర్ణిమనాడు నూటయెనిమిది కలశములతో స్నానము జరిగిన పిమ్మట జగన్నాథ, బలభద్ర, సుభద్రామూర్తులు జ్వరపడిరని పదునైదు దినములు దర్శన మీయవు. దీనికి అనవసర మని పేరు. ఆ దినములలో మూర్తులకు బదులుగా చిత్రకారులు వ్రాసిన మూడు పటములు పూజ లందుకొనును. జగన్నాథుడు నారాయణుడుగాను, బలభద్రుడు అనంతుడుగాను, సుభద్ర భువనేశ్వరిగాను అందు చిత్రింపబడుదురు. గుడి గుడియందే యున్నది. దేవుడును లోపలనే యున్నాడు. అయినను పటమే దర్శన మొసగుచున్నది. ఆ పదునైదు దినములు తెరవెనుక దేవుని సేవించు హక్కు శబరవంశీయులమను దైతాపతులది. ముందు నిలుచుట పటమునది.

చిత్రకారులు బట్టను చింతగింజల జిగురుతోను సుద్దపొడితోను గట్టిపరచి, నునుపు చేసి, రంగులు వేసి, మెఱుగు పెట్టుదురు. పూరీ వీథులందును సమీపముననున్న రఘురాజపురమునను ఈ వృత్తి వంశపారంపర్యముగా వచ్చుచున్నది. ఆలయసేవకై వ్రాయు పటములు గాక యాత్రికులకై వ్రాయు పటము లింకొక జాతి. చిన్నవానిలో మూడు మూర్తులు మాత్రముండును. పెద్దవానిలో క్షేత్రమంతయు నుండును. క్షేత్రము శంఖాకారమని ప్రసిద్ధి గనుక పట్టణ మంతయు శంఖముగా వ్రాయబడుటయు కలదు. నడుమ గుడి, దానిగోడ కోసి చూపినట్లు లోపల రత్నసింహాసనము, దానిమీద మూర్తులు గుడికంటెను పెద్దవిగా కనబడుదురు. చుట్టును ప్రాకారములు, ఉపాలయములు, రథయాత్ర. అంచున సముద్రము, అందు చేపలు, పడవలు. యాత్రికుడు దీనిని చుట్టి చంకనిడుకొని ఇంటికి పోయి గోడకు తగిలించి పూజించెడివాడు. తరువాత ముద్రితచిత్రములు వచ్చి చేతిపటములకు గిరాకి తగ్గించినవి.

సముద్రపుటొడ్డున వెలసిన క్షేత్రమును, దానికి వచ్చు జనసమ్మర్దమును, పడవలను ఒక్క చిత్రమునందిముడ్చు ఈ పద్ధతికి మిక్కిలి చేరువయగు పోలిక జపానుదేశమున కలదు. హిరోషిమా సమీపమున సముద్రమున మియాజిమా అను ద్వీపము కలదు. అందలి ఇత్సుకుషిమా దేవాలయము 593లో స్థాపింపబడినదని ఐతిహ్యము. 1168 ప్రాంతమున తైరా నో కియోమోరి అను సామంతప్రభువు దానిని నేటి తీరున విస్తరింపజేసినాడు. ద్వీపమంతయు పవిత్రమగుటచే జననమరణములు అచట జరుగరాదను నియమ ముండెడిది. నేలను తాకకుండ ఒడ్డుబురదలో స్తంభములెత్తి వానిమీద మండపములు, నడవలు కట్టినారు. పోటువేళ గుడి నీటిమీద తేలునట్లు కనబడును; ఆటువేళ బురదనుండి లేచినట్లుండును. సముద్రమున నిలిచిన ఎఱ్ఱని మహాద్వారము దాని గుర్తు. నేడున్న ద్వారము 1875లో నిలిపినది. అచటి ముగ్గురు దేవతలు షింటో మతమునకు చెందిన సముద్రదేవతలు. వారిలో నొకతెను మధ్యయుగమునందు బెంజైతెన్ అను దేవతతో నొకటిగా భావించిరి. ఆ బెంజైతెన్ బౌద్ధముతోపాటు జపానుకు పోయిన మన సరస్వతియే. 1868లో ప్రభుత్వము షింటో, బౌద్ధ మతములను వేరుపరచువరకు ఇట్టి కలయిక సహజముగా సాగినది.

ఈ దేవాలయమును చిత్రించిన తెరలను చూచుటకు ముందు జపానులో దేవస్థానచిత్రము నడచిన త్రోవను తెలిసికొనవలెను. మొదట అదియు పూజకొఱకే పుట్టినది. నారాలోని కసుగా దేవాలయము ఫుజివారా వంశమువారి కులదైవస్థానము. ఆ వంశీయుడగు కుజో కనెజానె క్యోటోలో నుండి, 1184లో ఆ దేవాలయముయొక్క చిత్రమును తెప్పించుకొని, క్షేత్రమునకు పోయినపుడెట్లో అట్లే శుచియై దానియెదుట పూజ సలిపినట్లు తన దినచర్యలో వ్రాసికొన్నాడు. తరువాతి రెండు శతాబ్దములలో ఇట్టి చిత్రములు పెక్కు వెలువడినవి. కొండ, అడవి, గుడిద్వారము క్రింద నుండగా, పైన ఆ దేవతలకు మూలరూపములుగా భావించిన బుద్ధబోధిసత్త్వులు నిలిచియుందురు. 16, 17 శతాబ్దములనాటికి మఱియొక జాతి యేర్పడినది. కుమానో, నాచి మొదలగు క్షేత్రములను, అందలి యాత్రికులను చూపు పెద్ద చిత్రములను భిక్షుణులు ఊరూర తిప్పి, వెదురుపుల్లతో చూపుచు క్షేత్రమహిమ చెప్పి, గుడి మరమ్మతులకు చందాలు పోగుచేసిరి. ఆ కాగితములలో పెక్కింటిపై మడతల జాడలు నేటికిని కనబడును. వీనిని మన కాకిపడగలవారి పటములతోను, తెలంగాణమునందలి చేర్యాల పటములతోను పోల్చవచ్చును.

మడత తెర వేరొక వస్తువు. జపానులో దానిని బ్యోబు అందురు; గాలికి అడ్డు అని యర్థము. అది చీనా, కొరియాల నుండి వచ్చినది. 8వ శతాబ్దినాటి తెరలు నారాలోని షోసోయిన్ భాండాగారమున భద్రముగా నున్నవి. మొదట ఒక్కొక్క ఫలకమునకు వేరుగా చట్ట ముండి, ఫలకములను త్రాళ్లతో ముడివేసెడివారు. అందుచే చిత్రము ఫలకమునకొకటిగా తెగిపోయెడిది. సుమారు 14వ శతాబ్దిలో కాగితముతోనే బందులు చేయుట నేర్చిరి. అప్పుడు ఆరు ఫలకములును ఒకే తలముగా మారి, నదియో తీరమో తెగక సాగిపోవుటకు వీలైనది. ఆరేసి ఫలకముల తెరలు రెండు జంటగా నిలుచుట వాడుక; వానిని కుడినుండి ఎడమకు చదువవలెను. చదువుట యనుటయే తగును. చూపరి నడచుచుండగా మడత మడతకును దృశ్యము మారును.

17వ శతాబ్దిలో ఇత్సుకుషిమా ఇట్టి తెరలకు ప్రియమగు విషయమైనది. ఒక తెరమీద ఇత్సుకుషిమా, దాని జంటమీద వాకానౌరా గాని అమనోహషిదతె గాని మఱియొక ప్రసిద్ధ తీరము గాని యుండును. 1643లో హయషి గాహో అను పండితుడు జపానులోని మూడు ఉత్తమ దృశ్యములలో ఇత్సుకుషిమా నొకటిగా పేర్కొనెను. తెరమీద బంగారురేకుల మేఘములు పరచి, వాని సందులలో చిత్రకారుడు చూపునవి ఇవి: నీటిలోని మహాద్వారము, స్తంభములమీది నడవలు, 1407 నాటి అయిదంతస్తుల గోపురము, లేళ్లు, యాత్రికుల పడవలు, అంగళ్లు, తినుచు త్రాగుచు నవ్వుచున్న జనులు. ఒసాకా తీరమందలి సుమియోషి దేవాలయపు ఉత్సవమును చూపు తెరలును ఇట్టివే. గర్భగృహమునందలి దేవత మాత్రము కనబడదు. పైన నిలిచిన బుద్ధులును లేరు. తెర నిలుచునది పూజామందిరమున కాదు. ప్రభువులయు సంపన్నులగు వర్తకులయు చావడిలో. దానియెదుట ఎవరును శుచియై కూర్చుండవలసిన పనిలేదు. కనెజానె యెదుటనున్న చిత్రము క్షేత్రమునకు బదులు. ఈ తెర క్షేత్రమునకు దృశ్యము.

ఇచట పరిశోధక విద్యార్థులకొక హెచ్చరిక అవసరము. పోలిక కనబడినంత మాత్రమున ఒకరినుండి యొకరు గ్రహించిరనుట న్యాయము కాదు. ఆ 17వ శతాబ్దియందే మచిలీపట్టణమున డచ్చివారి వర్తకస్థానముండుటయు, కోరమాండలు తీరపు కలంకారీ వస్త్రములు జపానుకు చేరి సరాసా అను పేర ఆదరము పొందుటయు వాస్తవములే. కాని వస్త్రములు పోయినవి గనుక దేవస్థానచిత్రణ పద్ధతియు పోయినదనుటకు ఆధారము లేదు. పోలికకు కారణము వర్తకము కాదు, అవసరము. దేవుడు ఒకచోట, భక్తుడు మఱియొకచోట నున్న ప్రతి దేశమునను ఆ యెడము పూడ్చుటకు చిత్రము పుట్టును.

ఈ సూత్రమును సవర బొమ్మకు అన్వయించినచో భేదము స్పష్టమగును. పూరీ పటమును చుట్టవచ్చును, కసుగా చిత్రమును క్యోటోకు పంపవచ్చును, ఇత్సుకుషిమా తెరను మడచి మఱియొక చావడిలో నిలుపవచ్చును. ఏలయన ఆ చిత్రములన్నింటికిని వెలుపల ఒక గుడి యున్నది; చిత్రము కదలినను గుడి కదలదు. సవర బొమ్మకు వెలుపల గుడి లేదు. ఆ గోడమీది గీతలే గుడి. దానిని మడచుటకు వీలులేదు. ఆ యింటినుండి తొలగించినచో మిగులునది బొమ్మ మాత్రమే, నెలవు కాదు. వ్రాతకు ఇంతటి శక్తి యున్నదన్న నమ్మకము సవరలలో తరువాత మఱియొక రూపమునను వెలసినది. 1936లో మంగై గొమాంగో సవరభాషకు సొరంగ్ సొంపెంగ్ అను లిపిని కల్పింపగా, అతని యనుయాయులు ఆ యక్షరములనే దైవరూపముగా కొలిచిరి.

నేడు ఆ గోడ కదలినది. పీర్స్ విటెబ్‌స్కీ 1975 నుండి ఒడిస్సాలోని సవర గ్రామములలో పరిశోధించి, 1993లోను 2017లోను రెండు గ్రంథములు ప్రకటించినాడు. మృతులతో మాటాడు ఆచారము మొదటి గ్రంథమున సజీవముగా కనబడును. రెండవదానియందు అది ఆ గ్రామములలో దాదాపు అంతరించుటయు, యువతరము బాప్టిస్టు క్రైస్తవమును గాని హిందూ సంస్కరణ మార్గములను గాని చేపట్టుటయు వర్ణితమైనవి. ఆచారముతో గోడబొమ్మయు తొలగినది. మఱియొకప్రక్క అదే బొమ్మ కాగితముమీదికిని, బట్టమీదికిని ఎక్కి సంతలలో, ప్రదర్శనలలో అమ్ముడుపోవుచున్నది. మొదటి పని చేసిన చిత్రము, రెండవదాని నంటకయే, మూడవ పనికి వచ్చినది.

దీనిని కేవలము పతనమని నిందించుట తగదు. జపానులోను చిత్రము పూజనుండి చావడికి వచ్చినది. అట్లు వచ్చినందుననే ఇత్సుకుషిమా తెరలవంటి ఉత్తమకళ పుట్టినది. సవర యువకుడు తన తాతల గీతలతో అన్నము సంపాదించుకొనుటను కాదనుటకు మన మెవరము? కాని యొక భేదమున్నది. జపానులో చిత్రము మారినను పాతవాని యుపయోగము మనకు తెలియుచున్నది; కనెజానె దినచర్య మిగిలినది, భిక్షుణుల మడతకాగితములు మిగిలినవి, గుడియు నిలిచియున్నది. సవర బొమ్మకు దినచర్య లేదు, గుడియు లేదు. వ్రాయించినవారి జ్ఞాపకమే దాని దినచర్య. ఆ జ్ఞాపకము గల తరము వృద్ధాప్యమున నున్నది.

కనుక ఈ కొండలలో పనిచేయు విద్యార్థులు బొమ్మను ఛాయాచిత్రము తీసికొనుటతో తృప్తిపడరాదు. అది ఎవరి యింట, ఏ గోడమీద వ్రాయబడినది? ఏ యాపదవలన? ఎవరు చెప్పగా ఎవరు వ్రాసిరి? వ్రాసినపుడు ఏ యాత్మను ఏ మాటలతో పిలిచిరి? తిరిగి ఎప్పుడు వ్రాసిరి, లేక ఎందుచేత మానివేసిరి? ఈ ప్రశ్నలకు సమాధానములు సవరభాషలోనే గ్రహింపవలెను. దుబాసీ తెలుగున చెప్పినది చాలదు. అందుకు వలయు వ్యాకరణమును నిఘంటువులను గిడుగువారు మన కిదివరకే సమకూర్చి యిచ్చినారు. ఇంటి పేరును, సందర్భమును, పిలిచిన మాటను కోల్పోయిన బొమ్మను ఎంత చక్కగా భద్రపరచినను అది అలంకారముగానే మిగులును. అప్పుడు మనము మొదట కాదన్న శీర్షికయే నిజమైపోవును.